సౌందర్యకు సైకిల్ రాదు

మర్నాడు వైవా. కాబట్టి పొద్దున్నే జొన్నరొట్టె తిని, సాయంత్రం దాకా కదలకుండా కూర్చుని క్రెబ్స్ సైకిల్ కంఠతా పట్టాలన్నది సౌందర్య ప్లాను. మహబూబాబాద్ పక్కనున్న ఆ తండా నుంచి బయోకెమిస్ట్రీ ఫస్టియర్ దాకా వెళ్ళింది ఆమె ఒక్కతే. మొదటి వైవాలో తప్పింది కూడా. ఈసారి తప్పితే చదువు మానిపించి మిరపకాయ ఏరడానికి పంపాల్సిందేనని చిన్నాన్న జైసింగ్ తేల్చేశాడు. తండ్రి భీమ్లా ఎదురు చెప్పలేదు గాని ఆ రోజు ముద్ద మింగలేదు.

తిన్న తిండి ఒంట్లో శక్తిగా ఎలా మారుతుందో చెప్పే ఎనిమిది పేర్ల చక్రమే ఈ సైకిల్. అయిదో పేరు సక్సినేట్ దాకా సాఫీగానే సాగేది. అక్కడ బుర్ర మొరాయించేది. దిక్కుతోచక స్నేహితురాలు నిర్మలకు ఫోన్ చేసింది.

"అన్నీ వచ్చినయే, సైకిల్ ఒక్కటే వస్తలేదు. సగం దాక మంచిగనే పోతున్న, ఆడ ఆగిపోతున్న. రేపు సార్ ముందట గిట్లయితే ఫెయిలే!"

వాకిట్లో ఉన్న భీమ్లా చెవిన ఇది పడింది. ఆ ఇంట్లో మాట్లాడుకునేది లంబాడీ భాష. కానీ సైకిల్ అందులోనూ సైకిలే. పది నిమిషాల్లో తమ్ముడు జైసింగ్ పాత సైకిల్ తెచ్చి గుమ్మం ముందు నిలబెట్టాడు.

"ఎక్కు బిడ్డా."

"అయ్యో బాపూ, గది తొక్కే సైకిల్ కాదు!"

"తొక్కని సైకిల్ యాడుంటది?"

"ఒంట్ల తిరుగుతది."

"నేను చెప్పేది గదే. ఒక్కసారి ఒంటికి పట్టిందంటే సచ్చేదాక పోదు."

సౌందర్యకు కోపం రాబోయి నవ్వొచ్చింది. పైగా తెలంగాణ కోసం మర్నాడు బందు. బస్సు లేదు, ఆటో లేదు. పరీక్ష పెట్టే రాజేందర్ సార్ మాత్రం కాలేజీ గేటు ముందు దీక్షా శిబిరంలో కూర్చునే వైవా అడుగుతానన్నారు. కాలేజీకి నాలుగు కిలోమీటర్లు. సరేనని ఎక్కింది.

"కిందికి చూడకు. ఏదన్న అనుకుంట తొక్కు" అన్నాడు భీమ్లా. ఆమె తొక్కుకో పేరు అనుకుంది. సిట్రేట్, ఐసోసిట్రేట్... సక్సినేట్ దగ్గర ప్రతిసారీ ఠంచనుగా కింద పడింది. పొద్దు వాలేసరికి రెండు మోకాళ్ళూ దోక్కుపోయాయి. పుస్తకం మళ్ళీ తెరిచిందే లేదు.

మర్నాడు పొద్దున సైకిల్ మీద సౌందర్య, వెనక సీటు పట్టుకుని భీమ్లా, ముందు దారి చేస్తూ జైసింగ్ బయల్దేరారు. "జరుగుండ్రి! జర పక్కకు జరుగుండ్రి!" అని అతను అరుస్తుంటే చూడ్డానికి తండా సగం వెంటపడింది. చౌరస్తాలో రాస్తారోకో చేస్తున్నవాళ్ళు ఈ గుంపును చూశారు.

"తండాల కెల్లి సైకిల్ ర్యాలీ వచ్చిందిరో!" అని ఎవరో కేకేశారు.

అంతే. అడ్డంగా పెట్టిన బండ్లు పక్కకు జరిగాయి. నలభై సైకిళ్ళు ఆమె వెనక చేరాయి. ఆ తోపులాటలో భీమ్లా చెయ్యి జారిపోయింది. సౌందర్యకు పై ప్రాణాలు పైనే పోయాయి. కళ్ళు ముందుకే నిలిపి గట్టిగా అరిచింది.

"సిట్రేట్!"

"జై తెలంగాణ!" అంది వెనక గుంపు.

"ఐసోసిట్రేట్!"

"జై తెలంగాణ!"

అదేం నినాదమని ఎవరూ అడగలేదు. చదువుకున్న పిల్ల, ఏదో పెద్ద మాటే అంటోందనుకున్నారు. సక్సినేట్ వచ్చింది, జై తెలంగాణ కూడా అయిపోయింది. తర్వాతి మాట కోసం నలభై నోళ్ళు తెరుచుకుని కాచుకున్నాయి. ఇంతమంది తన నోటి నుంచి వచ్చే మాట కోసం ఆగడం సౌందర్య పుట్టాక ఎరగదు. భయం ఎటుపోయిందో పోయింది.

"ఫ్యూమరేట్!"

రోడ్డు దద్దరిల్లింది. మాలేట్, ఆక్సలోఅసిటేట్ వాటంతట అవే వచ్చాయి. కాలేజీ చేరేలోగా చక్రం మూడుసార్లు తిరిగింది. అయితే ఆపడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. సైకిల్ నేరుగా వెళ్ళి శిబిరం గుంజను కొట్టింది, టెంటు రాజేందర్ సార్ మీద కూలింది.

"సౌందర్యా," అన్నారు సార్ గుడ్డ కింది నుంచే, "ఆక్సలోఅసిటేట్ తర్వాత ఏమొస్తది?"

"మల్ల సిట్రేటే సార్. బతికున్నన్ని దినాలు తిరుగుతనే ఉంటది."

"చౌరస్తా కాణ్ణుంచి వింటనే ఉన్న. ఇంక నేనడిగేందుకు ఏం మిగిలిందమ్మా? పాస్!"

సౌందర్య అక్కడే రోడ్డు మీద కూర్చుని ఏడ్చేసింది. ఏడుస్తూనే నవ్వింది. "రెండో ఏడు పుస్తకాలు ఎప్పుడిస్తరు సార్?" అని జైసింగ్ అప్పుడే విచారించడం మొదలుపెట్టాడు.

భీమ్లా ఒంగి పడిపోయిన గుంజను లేపి నిలబెట్టాడు.

"సారు మంచోడు," అన్నాడు మెల్లగా, "బ్రేకు గురించి అడగలే."