బతుకమ్మ గ్రూప్ వారి భవన పరిశీలన

రేపు సద్దుల బతుకమ్మ అనగా, పద్మారాణి ఆ పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి తమ అపార్ట్‌మెంట్ల సొసైటీ వెనక మూతబడ్డ ఆఫీసు భవనంలోకి వెళ్ళడం, రెండు గోనె సంచుల నిండా గునుగు పూలు కోసుకోవడం, పదకొండుకల్లా తిరిగొచ్చి కుక్కర్ పెట్టడం. పప్పు కడిగి నానబెట్టి మరీ బయలుదేరింది. ఈ పథకం మొత్తంలో పప్పు నానడం ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

సూరత్‌లో, అందునా కడోదరాలో, బంతిపూలు ఎన్నయినా దొరుకుతాయి. గునుగు దొరకదు. కిందటేడు సిరిసిల్ల నుంచి బస్సులో వేయించిన పూల పార్సిల్ దసరా మర్నాడు చేరింది. చేసేది లేక పద్మారాణి బంతిపూలకు రంగు కాగితాలు జోడించి బతుకమ్మను పేర్చింది. సొసైటీ తెలుగువాళ్ళలో పెద్దదైన బుచ్చవ్వ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "బిడ్డా, ఇది బతుకమ్మనా, బర్త్‌డే కేకా?" అని అడిగింది. మెల్లగానే అడిగింది. కాని బుచ్చవ్వ మెల్లగా అన్న మాట మూడో బ్లాకు దాకా వినిపిస్తుంది.

అందుకని ఈ ఏడు పద్మారాణి అందరి ముందూ ఒక మాట అనేసింది. "ఈసారి గునుగు లేకుంటే నేను బతుకమ్మనే ఎత్త. ఇంట్ల తలుపేసుకొని కూసుంట!" ఆ మాట అన్న నాలుగో రోజున సిరిసిల్లలో వానలు పడి పార్సిల్ అసలు బయలుదేరనే లేదు.

తలుపేసుకుని కూర్చోవడానికి ఆమె దాదాపు సిద్ధపడిన సమయంలో, బట్టలు ఆరేయడానికి మేడ ఎక్కితే, వెనక రోడ్డులోని అద్దాల భవనం లోపలి ఆవరణ కనిపించింది. ఏదో కంపెనీది, నాలుగంతస్తులు, మూతబడి మూడేళ్ళయింది. ఒకప్పుడు పచ్చిక పెంచిన చోట ఇప్పుడు నడుమెత్తున గునుగు. తెల్లటి కంకులు, కొసలు గులాబీ రంగు. పద్మారాణి తడిబట్టల బకెట్ అక్కడే వదిలేసి కిందకి పరుగెత్తింది.

తోడుకు ఇద్దరు స్నేహితురాళ్ళను పిలిచింది. పచ్చళ్ళు పెట్టి అమ్మే భాగ్యలక్ష్మికి మోకాళ్ళ నొప్పులూ, దయ్యాల భయమూ సమానంగా ఉన్నాయి. సింధూజ సూరత్‌లోనే పుట్టి పెరిగిన ఇరవయ్యారేళ్ళ పిల్ల. ఇంటి నుంచే కంప్యూటర్ ఉద్యోగం చేస్తుంది. పదకొండున్నరకు మీటింగ్ ఉందని లాప్‌టాప్ సంచి భుజాన వేసుకునే వచ్చింది. గోనె సంచులు మడిచి అందులోనే దాచారు.

"అక్కా, నువ్వేంది పట్టుచీర కట్టుకున్నవ్?" అంది సింధూజ. "ఫంక్షన్ హై క్యా?"

"మంచిచీర కట్టుకున్నోళ్ళను ఎవ్వరూ ఆపరే," అంది పద్మారాణి.

ఆ మాట ఎంత నిజమో గేటు దగ్గరే తేలింది. వాచ్‌మన్ పరమేశ్వర్ పట్టుచీరనూ, లాప్‌టాప్ సంచినీ, వెనకగా కుంటుతూ హుందాగా వస్తున్న భాగ్యలక్ష్మినీ చూసి కుర్చీలోంచి లేచి సెల్యూట్ చేశాడు. "పదకొండుకు వస్తారన్నారే, ముందే వచ్చారా మేడమ్?" అన్నాడు హిందీలో.

పద్మారాణి దారి పొడుగునా మూడు అబద్ధాలు తయారు చేసుకుని వచ్చింది. ఒక్కటీ అవసరం పడలేదు. "లోపల చూడాలి," అంది. అది నిజమే.

అతను రిజిస్టర్ తెరిచాడు. పేరు, ఫోన్ నంబరు అయ్యాక కంపెనీ అన్న గడి వచ్చింది. సింధూజ రెండు క్షణాలు ఆలోచించి, తమ వాట్సాప్ గుంపు పేరే రాసింది: బతుకమ్మ గ్రూప్, సూరత్.

ఆ భవనాన్ని అమ్మే పని చూస్తున్న ఉమాకాంత్‌భాయ్ తాళాల గుత్తితో పరుగున వచ్చాడు. ముంబయి నుంచి ఒక లేడీస్ పార్టీ కొనడానికి వస్తుందని వారం నుంచీ ఎదురుచూస్తున్నాడు. రిజిస్టర్ చూసి, "బతుకమ్మ గ్రూప్! విన్నాను, విన్నాను. ఎంతమంది ఉంటారు?" అన్నాడు.

"నూట ఎనభై మంది," అంది పద్మారాణి. "పండక్కి ఇంకా పెరుగుతారు."

ఉమాకాంత్‌భాయ్ ముఖం వెలిగిపోయింది.

"చెప్పేద్దాం అక్కా," అని గొణిగింది భాగ్యలక్ష్మి. "పూల కోసం వచ్చినమని చెప్పేద్దాం. జైల్ల ఏస్తరేమో!"

"జర ఆగు. ఆవరణ దాకా పోనీ, ఆడ చెప్దాం."

కాని ఉమాకాంత్‌భాయ్ ఆవరణ తలుపు తీయలేదు. మెట్లెక్కించాడు. లిఫ్టు కంపెనీ కంటే ముందే చచ్చిపోయిందట. మొదటి అంతస్తులో ఇరవై నాలుగు కుర్చీల మీటింగ్ హాలు. గోడ మీది బోర్డుపై టార్గెట్ అని రాసి, పైకి దూసుకుపోతున్న బాణం ఒకటి గీసి ఉంది. దాని కింద పావురం గుడ్లు పెట్టింది. రెండో అంతస్తులో క్యాలెండర్ మూడేళ్ళ కిందటి మార్చి దగ్గర ఆగిపోయింది. ఒక గాజు గదిలో తన నీడే తనకు కనబడి భాగ్యలక్ష్మి కేక వేసింది. ఉమాకాంత్‌భాయ్ వెంటనే చిన్న పుస్తకం తీసి, గాజు మార్చాలి అని రాసుకున్నాడు.

మూడో అంతస్తులో వంటగది వచ్చేసరికి పద్మారాణి తాను వచ్చిన పని కాసేపు మరిచిపోయింది. "ఇంతమందికి చాయ్ కాచే చోట ఇంత చిన్న సింకా? గిన్నెలెక్కడ బోర్లిస్తారు? ఈ కిటికీ తెరుచుకోదు, పొగ ఎటు పోవాలి?" అని హిందీలో కడిగేసింది. ఇల్లు చూడబోయినా, పెళ్ళి సంబంధం చూడబోయినా ఆమె మొదట చూసేది సింకే. ఉమాకాంత్‌భాయ్‌కి చెమటలు పట్టాయి. ఇంత వివరంగా చూసే పార్టీ అతనికి ఎప్పుడూ తగల్లేదు.

నాలుగో అంతస్తు కిటికీలోంచి ఆవరణ మొత్తం కనిపించింది. పద్మారాణి అద్దానికి ముక్కు ఆనించి అలాగే నిలబడిపోయింది. "అమ్మో, ఎంత పెరిగింది!" అంది. వెంటనే ఫోన్ తీసి ఆరు ఫోటోలు కొట్టి, బుచ్చవ్వ కంటపడేలా గ్రూప్‌లో పెట్టింది.

కొనేవాళ్ళు లోపాలను ఫోటో తీస్తున్నారంటే దాని అర్థం ఉమాకాంత్‌భాయ్‌కి బాగా తెలుసు. "సారీ మేడమ్! కలుపంతా ఇప్పుడే తీయించేస్తాను," అన్నాడు.

పద్మారాణి గిరుక్కున వెనక్కి తిరిగింది. "వద్దు వద్దు! ముట్టుకోవద్దు! ఎలా ఉన్నది అలాగే ఉండాలి!"

ధర తగ్గించడానికి పనికొచ్చే సాక్ష్యం చెరపొద్దంటోందని అతను అర్థం చేసుకున్నాడు. నవ్వుతూ తలూపి, గుమ్మం దాటి, ఫోన్‌లో ఎవరితోనో గుజరాతీలో గబగబా మాట్లాడాడు. గుజరాతీ తెలిసిన సింధూజ పద్మారాణి చెయ్యి పట్టి లాగింది.

"అక్కా, మనుషులను పిలుస్తుండు. పది నిమిషాల్ల మొత్తం సాఫ్ అంటుండు!"

ముగ్గురూ మెట్ల వైపు పరుగెత్తారు. ఏ అంతస్తు చూసినా ఒకేలాంటి గాజు గదులు. తొందరలో వేరే మెట్లు దిగి చక్రాల కుర్చీలు గుట్టగా పోసిన గదిలో తేలారు. "నా మోకాలు! నన్ను ఈడ ఇడిసిపెట్టకుండ్రే, దయ్యాలుంటయ్!" అని భాగ్యలక్ష్మి ఏడుపు. చివరికి ఆమెను ఒక చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తోసుకుంటూ ఆవరణలోకి వచ్చి పడ్డారు.

ఆవరణ నున్నగా ఉంది. నలుగురు కూలీలు కొడవళ్ళు తుడుచుకుంటున్నారు. గునుగు మొత్తం, కంకులు పైకి కనబడేలా, టెంపోలో ఉంది. టెంపో స్టార్టయి ఉంది. పద్మారాణి కళ్ళ ముందు తలుపేసుకున్న ఇల్లూ, బయట బుచ్చవ్వ నవ్వూ కదిలాయి. ఆమె పట్టుచీర కుచ్చిళ్ళు పట్టుకుని పరుగెత్తి టెంపోకి అడ్డంగా నిలబడింది.

"రుకో! ఇది నాకు కావాలి!"

ఉమాకాంత్‌భాయ్ రొప్పుతూ వచ్చాడు. "మేడమ్, చెత్త మీకెందుకు?"

"మా గ్రూప్‌కు చూపించాలి."

"ఫోటోలు తీశారుగా, అవి చాలవా?"

"చాలవు. రేపు అందరూ వస్తారు. చుట్టూ నిలబడి చూస్తారు."

నూట ఎనభై మంది చుట్టూ నిలబడి తన కలుపును చూసే దృశ్యం ఉమాకాంత్‌భాయ్‌ని కుంగదీసింది. అయినా వ్యాపారం తెలిసినవాడు. పార్టీ అడిగింది కాదనకూడదని, దింపడానికి సాయంగా వాచ్‌మన్‌ని కూడా ఇచ్చి, ముగ్గురినీ ముందు సీట్లో ఇరికించి టెంపో పంపించాడు. అది గేటు దాటుతుంటే ముంబయి నంబరున్న తెల్ల కారొకటి లోపలికి వచ్చింది. అందులో ముగ్గురు ఆడవాళ్ళున్నారు. ఎవరి చీరా పద్మారాణి చీరంత బాగా లేదు.

టెంపో హారన్‌కి సొసైటీ అంతా దిగింది. బుచ్చవ్వ ఒక కంకి తుంచి, అరచేతిలో నలిపి చూసింది. "గునుగే," అని ఒప్పుకుంది. "గని బిడ్డా, గింత నువ్వొక్కదానివే ఏం జేసుకుంటవ్?" జవాబు వచ్చేలోపు ఆమె ఒడి నిండిపోయింది. తర్వాత అందరి ఒడులూ నిండాయి.

మర్నాడు సొసైటీలో ఇరవై మూడు బతుకమ్మలు లేచాయి. అన్నిటికంటే పొడుగైనది బుచ్చవ్వది. ఆమె పద్మారాణి బతుకమ్మ చుట్టూ ఒకసారి తిరిగి, "ఈసారి బతుకమ్మ లెక్కనే ఉంది. జర పక్కకు ఒరిగింది గంతే," అంది, మూడో బ్లాకు దాకా వినబడేంత మెల్లగా.

దసరా వెళ్ళిన వారానికి ఉమాకాంత్‌భాయ్ నుంచి మెసేజ్ వచ్చింది. మీ గ్రూప్ పోటీకి వచ్చిందని తెలిసి ముంబయి పార్టీ రెండు రోజుల్లోనే ఖాయం చేసుకుంది. మీకు దక్కనందుకు బాధగా ఉంది. కాని మీరు ఎత్తిచూపిన లోపం చెప్పగానే కొత్తవాళ్ళు ఆవరణంతా సిమెంటు చేయిస్తున్నారు, ఇక జన్మలో అక్కడ గడ్డి పరక మొలవదు అని దాని సారాంశం.

పద్మారాణి దండం పెట్టే బొమ్మ ఒకటి తిరిగి పంపి, చుట్టుపక్కల ఇంకే ఆఫీసైనా మూతబడేలా ఉందేమో చూడటానికి మేడ ఎక్కింది.