కాసులు కట్టిన పడవ మర

ఆ పొద్దున అప్పలనర్సమ్మ అనుకున్న పని చాలా చిన్నది. పోయిన మొగుడు కాసులు చేసిన మరను తడిగుడ్డతో తుడిచి, పదింటికి బరంపురం నుంచి వచ్చే లెక్చరరు ఉదయ్‌కి చూపించాలి. దాన్ని కాలేజీ మ్యూజియంలో పెట్టి, పక్కన కాసులు పేరుతో బోర్డు రాయిస్తామని ఆయన ఫోన్లో చెప్పాడు. మర్నాడే పెద్దకర్మ. పిల్లలు లేని ఇల్లు. మొగుడి పేరు నిలబడడానికి ఆమెకి కనిపించిన దారి ఆ బోర్డొక్కటే.

ఒరియా పేపర్లో ఫోటో పడినప్పటి నుంచి కాసులు సొంతూరు రామయ్యపట్నంలోనే కాదు, జిల్లా అంతటా గొప్ప సైంటిస్టు. పది మంది ఇసక మీదికి లాగే పడవను అతని మరతో ఇద్దరు లాగేసేవారు. అందులో ఉన్నవన్నీ ఇంటి సామానే. నూతి గిలక, సైకిలు చైను, కుట్టుమిషను చక్రం, రెండు పందిరి గుంజలు. ఎవరింటి సామానో పేపరువాళ్లు అడగలేదు.

ముందుగా పక్కింటి కాసమ్మ వచ్చింది. పరామర్శకనుకుని అప్పలనర్సమ్మ చాప వేసింది.

"కూకోను గానీ, మా గిలక ఇచ్చీ. అరువు సామాను ఇంట్లో ఎట్టుకుని పెద్దకర్మ సేస్తే ఆడి పేనం ఈడే తిరుగుతాది," అంది కాసమ్మ. గిలక బరంపురం పోతుందన్నదే ఆవిడ అసలు బెంగ. ఆ మాట మాత్రం పైకి అనలేదు.

మొగుడి ఆత్మతో పేచీ పెట్టుకునే ధైర్యం అప్పలనర్సమ్మకి లేదు. గిలక ఊడదీసి ఇచ్చింది. ఈ కబురు కుట్టుమిషను సీతాలుకి చేరేసరికి, రాత్రి మర దానికదే తిరిగిందట. ఆవిడ వచ్చి చక్రం పట్టుకుపోయింది. సైకిలు గురువులు చెవిన పడేసరికి, చైను ఎవరిదైతే వాళ్లని కాసులు వెంట తీసుకుపోతాడట. గురువులు చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చి చైను లాక్కుపోయాడు. చివరగా పావని వచ్చి తన గుంజలు పెకలించుకుపోయింది.

ఉదయ్ వచ్చేసరికి ఇసకలో రెండు గుంతలు మిగిలాయి.

"మర ఏదమ్మా?" అన్నాడు. ఎవరి సామాను వాళ్లు పట్టుకుపోయారని ఆమె చెప్పింది. "అయితే బోర్డు మీద వాళ్ల పేర్లు రాయించాలి," అన్నాడు.

పేర్లు అనగానే ఊళ్లో దెయ్యం భయం వదిలిపోయింది. నలుగురూ ఎవరి సామాను వాళ్లు మోసుకొచ్చారు. ఎవరిది ముందు కనపడాలన్నదాని మీద గంటసేపు కొట్లాడుకుని మరను నిలబెట్టారు. అది తిరగలేదు. వీడియో కోసం దాన్ని ముందు పెట్టి, వెనక నలుగురూ పడవను చేతుల్తోనే జానెడు తోశారు.

"మా ఇంటోడు ఒక్కడే కట్టినాడు బాబూ ఇదంతా," అంది అప్పలనర్సమ్మ.

"నేనూ అలాగే అనుకున్నానమ్మా. కానీ వస్తువు ఎవరిదైతే వాళ్ల పేరే రాయాలని మా రూలు. ఇందులో ఆయనది ఏది?"

ఆమె గిలక మీద చెయ్యి వేసింది, తీసేసింది. చక్రం ముట్టుకుంది. "ఆడు..." అని ఆగిపోయింది. అందులో మొగుడిది బుర్ర. అది వేలు పెట్టి చూపించే రకం కాదు. ఏడుపు ముంచుకొచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముగ్గురు తమ సామాను తుడుచుకున్నారు. కాసమ్మ సముద్రం వైపు చూసింది.

తిరగని ఆ మర ఇప్పుడు మ్యూజియంలో ఉంది. పక్కన బోర్డు మీద నాలుగు పేర్లున్నాయి. కాసులు సామాను అందులో ఏదీ లేదు కనుక అతని పేరు రాయలేదు.