రక్తసంబంధీకుల బుగ్గలకు జేజేలు

ఈ కాలపు మనిషికి దొరికిన అతి గొప్ప వరం ఏమిటని ఎవరైనా అడిగితే నేను తడుముకోకుండా చెబుతాను: ఫ్యామిలీ గ్రూపు! సెల్‌ఫోన్‌లో అది లేనివాడు దిక్కులేనివాడి కిందే లెక్క.

నవ్వకండి. పొద్దున్నే గులాబీ పువ్వుతో శుభోదయం వచ్చిందని విసుక్కుంటున్నారా? ఒకే వీడియోను నలుగురు మేనత్తలు పంపారని తల పట్టుకుంటున్నారా? అయితే మీకు బంధువుల విలువ తెలియదన్నమాట. మా వీధి టైలరమ్మ కథ వింటే తెలుస్తుంది.

ఆవిడ స్కూలు యూనిఫారాలు, కర్టెన్లు కుడుతుంది. ఏడేళ్ల కూతురు ఉంది. ఒక్క చోట కుదురుగా కూర్చోదని అందరూ ఆ పిల్లను పిచ్చుక అంటారు. ఆ పిచ్చుకకు రక్త క్యాన్సర్ వచ్చింది.

"మందులతో ఇప్పటికి అణిగిందమ్మా" అన్నాడు డాక్టరు. "కానీ రక్తం తయారయ్యేది ఎముకల్లోని మూలుగలో. పాపకు అక్కడే పుట్టుకతో వచ్చిన లోపం ఉంది. ఆ మూలుగ మార్చకపోతే జబ్బు మళ్లీ తిరగబెడుతుంది."

పిచ్చుక అన్నయ్య మూలుగ అచ్చంగా సరిపోయింది. టైలరమ్మ సంతోషంతో ఊపిరి పీల్చుకునేలోగా రెండో రిపోర్టు వచ్చింది. తండ్రి వైపు నుంచి వచ్చిన ఆ లోపమే పిల్లాడిలోనూ నక్కి ఉంది. వాడు నిక్షేపంగా ఉన్నాడు, కానీ వాడి మూలుగ చెల్లికి పనికిరాదు. మూలుగ ఇస్తామని పేరు రాయించుకున్న దాతల రిజిస్ట్రీలో వెతికారు. అక్కడా దొరకలేదు.

"చుట్టాల్లో చూద్దాం" అన్నాడు డాక్టరు. "లోపం లేనివాళ్లు, పాపకు సరిపోయేవాళ్లు కావాలి. ముందు బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్దితే చాలు."

టైలరమ్మకు ప్రాణం లేచొచ్చింది. చుట్టాలా? ఆవిడ అత్తవారి గ్రూపులో వంద మందికి పైనే ఉన్నారు! గ్రూపు పేరే 'మన రక్తం'. అడ్మిన్ ఆవిడ బావగారు, రిటైర్డ్ ప్రిన్సిపాల్. ఆ ఇంట్లో ఎవరికి మంచి మార్కులొచ్చినా, ఎవరు మాటకు మాట బదులిచ్చినా అందరూ రాసేది ఒకటే: "మన రక్తం ఎక్కడికి పోతుంది!"

కోడళ్లను మొహమాటానికి చేర్చుకున్నారు గానీ అల్లుళ్లకు ప్రవేశం లేదు. మరీ ముఖ్యంగా ప్రిన్సిపాల్ గారి అల్లుడికి. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. వాళ్లమ్మాయి ఇష్టపడి చేసుకుంది. మామగారి మేడ మీద గదిలోనే కాపురమైనా, ఆయన నోట ఇప్పటికీ 'ఆ అబ్బాయే'.

టైలరమ్మ గ్రూపులో మెసేజ్ పెట్టింది. అబ్బో, ఏం స్పందన! గంట తిరక్కుండా నమస్కారాలు, కన్నీటి బొమ్మలు, వెలిగే దీపాలు పోటెత్తాయి. గ్రూపు పేరు 'పిచ్చుక కోసం ప్రార్థన' అని మారిపోయింది. ఇంతకన్నా ఏం కావాలండీ ఒక తల్లికి?

బుగ్గలు కావాలట! ఎంత అత్యాశ!

పిచ్చుక మేనత్తగారు అప్పుడే పన్ను పీకించుకున్నారు. మరిదికి వెన్నెముక భయం. "నడుం పడిపోతుందట వదినా. మా ఫ్రెండు తోడల్లుడికి తెలిసినాయన ఇప్పటికీ లేవలేదు" అన్నాడు. ఇంకో మరిది గొప్ప మనసున్నవాడు. "నేనెప్పుడైనా రెడీ వదినా! ఇంకెవరూ దొరక్కపోతే చెప్పు" అన్నాడు. ఆ 'ఇంకెవరూ' అందరూ కూడా ఇదే మాట అన్నారు.

ప్రిన్సిపాల్ గారు మాత్రం దాపరికం లేకుండా ఫోన్ చేశారు.

"చూడమ్మా, ఈ టెస్టుల్లో నలుగురికి లోపం ఉందని తేలిందనుకో, పదిమందిలో మన మొహం ఏం కాను? మావాడికి సంబంధాలు చూస్తున్నాం."

"పిల్ల దక్కదు బావగారూ!"

"ఛ, అవేం మాటలు? గ్రూపులో అందరూ ప్రార్థిస్తుంటేనూ!"

టైలరమ్మకు ఒళ్లు మండింది. కుట్టేది కుట్టినట్టే మిషన్ మీద వదిలేసి, ఆస్పత్రివాళ్లిచ్చిన దూదిపుల్లల కిట్టు పట్టుకుని నేరుగా ఆయన హాల్లో కుర్చీ వేసుకుని కూర్చుంది.

"మీ బుగ్గ ఇచ్చేదాకా కదలను" అంది.

పెద్దమనిషి, ఎంతసేపని తప్పించుకుంటారు? "సిగ్గుపడతానమ్మా, లోపలికెళ్లి ఇస్తాను" అని కిట్టు తీసుకుని పెరటి గుమ్మంలోంచి మెట్లెక్కి మేడ మీదికి వెళ్లారు. ఆయన లెక్క ఆయనది. అల్లుడు పరాయివాడు. పరాయివాడి బుగ్గలో వంశం లోపం ఉండే ప్రసక్తే లేదు. తన పేరు మీద మచ్చలేని రిపోర్టు వస్తుంది, టైలరమ్మ హాలు ఖాళీ చేస్తుంది!

రిపోర్టు వచ్చింది. లోపం లేదు సరికదా, పిచ్చుకకు చక్కగా సరిపోయింది!

గ్రూపు దద్దరిల్లింది. "మన రక్తం ఎక్కడికి పోతుంది!" అని మేనత్తగారు వాచిన బుగ్గతోనే వాయిస్ మెసేజ్ పంపారు. టైలరమ్మ బావగారి కాళ్ల మీద పడి ఏడ్చింది. ఆయన ముఖం మాత్రం పాలిపోయింది. పొగడ్తలకు మొహమాటపడుతున్నారేమో అనుకున్నారంతా.

హాస్పిటల్లో మళ్లీ ఒకసారి రక్తం తీసి సరిచూస్తారని పాపం ఆయనకు తెలియదు. రెండో రిపోర్టు చేత్తో పట్టుకుని డాక్టరు ఆయన్ను గదిలోకి పిలిచాడు. టైలరమ్మ పక్కనే ఉంది.

"సార్, మొదట పంపిన బుగ్గ ఎవరిది?"

"నాదే."

"మరి నిన్న రక్తం ఇచ్చిన చెయ్యి ఎవరిది?"

ప్రిన్సిపాల్ గారు సూది గుచ్చిన చోటు కనపడకుండా చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నారు. ఆ బుగ్గ అల్లుడిదని చివరికి కక్కారు. టైలరమ్మ ఆయన్ను తిట్టలేదు. తిట్టే తీరిక ఎక్కడిది? మెకానిక్ పనిచేస్తున్న అపార్ట్‌మెంటుకు పరుగెత్తింది. అతను మోచేతుల దాకా గ్రీజుతో లిఫ్టు గుంతలోంచి తల బయటపెట్టాడు. ఆవిడ వగరుస్తూ జరిగిందంతా చెప్పింది.

"అదా అత్తయ్యా! మామయ్య వచ్చి నోరు తెరవమంటే, ఇన్నాళ్లకు నన్నూ ఇంట్లోవాడిగా లెక్కేశారనుకున్నా. పిచ్చుక కోసమేగా? ఎప్పుడు రమ్మంటారు?" అన్నాడు.

ఆవిడ మెట్ల మీద కూలబడి బావురుమంది.

మత్తిచ్చి అతని తుంటి ఎముకలోంచి మూలుగ తీశారు. నడుం పడిపోలేదు. కొన్నాళ్లు నొప్పెట్టింది, తర్వాత మళ్లీ లిఫ్టుల్లోకి దిగాడు. పిచ్చుక పడిన అవస్థ వేరు. జుట్టు పోయింది, నోరు పూసింది, అమ్మను గాజు అద్దంలోంచే చూసింది. వారాలు గడిచాక కొత్త మూలుగ పనిచేయడం మొదలుపెట్టింది.

"ఇక పాప ఒంట్లో తయారయ్యేదంతా దాత రక్తమే. బ్లడ్ గ్రూపు కూడా అతనిదే అయింది" అన్నాడు డాక్టరు.

పిచ్చుక ఇంటికొచ్చిన రోజున ప్రిన్సిపాల్ గారు ధైర్యం కూడగట్టుకుని గ్రూపులో రాశారు: "అందరి ప్రార్థనలు ఫలించాయి. మన రక్తం గెలిచింది!"

టైలరమ్మ సూది పక్కన పెట్టి బదులిచ్చింది: "బావగారూ, పిల్ల ఒంట్లో ఇప్పుడు మన రక్తం చుక్క కూడా లేదు. అందుకే బతికింది." ఆ వెంటనే గ్రూపులోంచి బయటికొచ్చేసింది.

తొందరపడింది! ఒక్కసారి ఆలోచించండి. ప్రిన్సిపాల్ గారు నిజాయితీగా తన బుగ్గే ఇచ్చి ఉంటే ఏమయ్యేది? అది సరిపోయేది కాదు, పిచ్చుక దక్కేది కాదు. ఆయన పిరికితనం పిల్లను కాపాడింది. ఫ్యామిలీ గ్రూపు వరమని నేనంటే కాదంటారేం?

నాకున్న బెంగ ఒక్కటే. అదే వార్డులో పక్క గదిలో మూడేళ్ల పాప ఉంది. అదే జబ్బు, అదే వెతుకులాట. వాళ్ల గ్రూపులోనూ దీపాలు వెలుగుతున్నాయి. ఆ పాపకు పరాయివాడన్నవాడే లేడు. పాపం, అందరూ సొంతవాళ్లే.