జీపు మీద పెళ్ళి టెంటు

ఆ రోజు వెంకటపతిరాజు పెట్టుకున్న పని ఒక్కటే. మధ్యాహ్నం రొయ్యల పట్టుబడి అయ్యేలోగా జీపుకి మానిఫోల్డు గాస్కెట్టు మార్పించాలి. రాత్రి కురిసిన వానకి చెరువు గట్టు బురదైంది. సన్నటి గట్టు, ట్రాక్టరు పట్టదు. రొయ్యల ట్రేలను తారురోడ్డు మీద ఆగే కంపెనీ వ్యాను దాకా లాగగలిగింది ఊళ్ళో ఆ డీజిల్ జీపు ఒక్కటే. అయితే ఇంజను పక్కనుంచి పొగ లీకై బండి లోపలికి కొడుతోంది. కిందటి పంటప్పుడు కంపెనీ మనిషి ఒక ట్రే వాసన చూసి, "ఇంకోసారి పొగ కంపు కొడితే సరుకు తీసుకోం రాజుగారూ" అని చెప్పి వెళ్ళాడు.

మెకానిక్ త్రిమూర్తులు పొద్దున్నే వచ్చి బానెట్టు ఎత్తి చూశాడు.

"గాస్కెట్టు కాలిపోయిందండి. మసి చూడండి, ఎక్కణ్ణించి తన్నుతోందో తెలిసిపోతోంది. పెద్ద పనేం కాదు. కాకపోతే ఈ ఎండలో ఇనుము ముట్టుకోలేం. పైన కాస్త నీడుంటే చాలండి, ఆయ్."

నీడ కోసం రాజు టెంట్ హౌస్ డేనియల్‌కి ఫోన్ చేశాడు. మొదటి పొరపాటు అదే. ఎందుకని అడగడం మర్యాద కాదని డేనియల్ అడగలేదు. రాజుగారింటికి ఒట్టి టెంటు పంపితే బాగోదని, అంచులకి కుచ్చులు కుట్టిన పెళ్ళి టెంటు, ఎర్ర తివాచీ, కవర్లు తొడిగిన కుర్చీలు ఆటోలో వేసుకొచ్చాడు.

"ఇన్ని కుర్చీలెందుకయ్యా?"

"వచ్చినవాళ్ళు నిలబడతారేంటండి?"

"వచ్చేవాళ్ళెవరు?"

"మీ ఇంట్లో టెంటేస్తే రాకుండా ఉంటారేంటండి!"

కుర్చీలు చూసి రాజు భార్య జానకీదేవి బియ్యం పెంచింది. "మెకానిక్కి, డేనియల్‌కి, వాళ్ళ మనుషులకి పెట్టాలి కదండీ. ఇంతమందికి ఒక్క కూరతో సరిపెడితే ఏం బాగుంటుంది?" అంది. పీతల కూర, కోడి వేపుడు, పాయసం పొయ్యెక్కాయి. వాసన వీధి చివరిదాకా వెళ్ళింది.

వీధి చివర రాజు మేనత్త రత్తమ్మ ఉంటుంది. ఆవిడ వచ్చి టెంటు చూసింది. గిన్నెలు చూసింది. లోపలికి రాకుండానే ఇంటికెళ్ళి ఫోన్ పట్టుకుంది. రాజు కూతురు హైమకి తాంబూలాలు పుచ్చుకుంటున్నారనీ, అయినవాళ్ళెవరికీ మాటైనా చెప్పలేదనీ పాలకొల్లు నుంచి భీమవరం దాకా తెలిసిపోయింది.

కాసేపటికి కార్లు వచ్చాయి. పట్టుపంచెలు, పట్టుచీరలు, స్వీటు పెట్టెలు, ముడుచుకున్న మొహాలు దిగాయి.

"ఏరా పతీ, పిలవకపోయినా వచ్చాం. సిగ్గులేక వచ్చామనుకో" అంది రత్తమ్మ ముందు నిలబడి.

రాజు నోరు తెరిచాడు. ఇక్కడ శుభకార్యం ఏదీ లేదంటే, ఇక వెళ్ళమన్నట్టే. గుమ్మంలోకి వచ్చిన చుట్టాన్ని అన్నం పెట్టకుండా పంపడం అతను ఎరగడు. అందుకని, "ముందు భోంచేయండత్తా, అన్నీ తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు. రెండో పొరపాటు అది. ఆ మాటతో ఎవరికీ అనుమానం మిగల్లేదు.

సరిగ్గా అప్పుడే స్పేర్ పార్టుల షాపు ఉదయ్‌కుమార్ గాస్కెట్టు పట్టుకుని వచ్చాడు. అటునుంచి స్నేహితుడి పెళ్ళికి వెళ్ళాలని సిల్కు చొక్కా వేసుకున్నాడు. రత్తమ్మ అతన్ని మధ్య కుర్చీలో కూర్చోబెట్టి పాయసం గిన్నె చేతికిచ్చింది.

"ఏం చేస్తుంటావు బాబూ?"

"భీమవరంలో స్పేర్ పార్టుల షాపండి."

"సొంతమేనా?"

"ఆయ్, సొంతమేనండి. రాజుగారు అర్జెంటుగా రమ్మంటే..."

"వాడికి ప్రతిదీ తొందరే. ఆ పొట్లం అమ్మాయికేనా?"

"కాదండి, జీపుకి."

"సరదా మనిషే" అంది రత్తమ్మ పక్కావిడతో. "ఏదీ, అమ్మాయిని పిలవండి."

అమ్మాయి జీపు కిందనుంచి వచ్చింది. మెకానిక్కి టార్చి పట్టిన హైమ ముక్కు మీద, బుగ్గల మీద మసి ఉంది. "నాన్నగారూ, మానిఫోల్డు బిగించే స్టడ్డు బోల్టు విరిగిపోయిందట" అంది.

"తుప్పు పట్టేసిందండి" అన్నాడు వెనకాలే వచ్చిన త్రిమూర్తులు. "ముక్క ఇంజన్లో ఉండిపోయింది. దానికి నట్టు వెల్డింగు పెట్టి, తిప్పి లాగాలి. సాయంత్రం అయిపోద్దండి."

రాజు ఫోన్ మోగింది. చెరువు కాపలా మనిషి. రొయ్యలు ఒడ్డెక్కాయి, ఐసు కరుగుతోంది, వ్యాను వెళ్ళిపోతానంటోంది.

రాజు దగ్గర్లో ఉన్న కుర్చీలో కూలబడ్డాడు. "తాంబూలాలు లేవత్తా. పెళ్ళికొడుకూ లేడు. ఆ అబ్బాయి గాస్కెట్టు తెచ్చాడు. మానిఫోల్డు లీకవుతోంది, బాగు చేయిస్తున్నాను. రొయ్యలు గట్టు మీదున్నాయి, బండి లేదు. ఈ పంట పోయింది."

ఉదయ్‌కుమార్ పాయసం గిన్నె కింద పెట్టాడు.

"అయితే చూస్తారేంటి?" అంది రత్తమ్మ. "దెబ్బలాడ్డానికి ఇంత దూరం వచ్చారు, నాలుగు ట్రేలు మొయ్యలేరా? లేవండి!"

అక్కడున్నవాళ్ళందరికీ చెరువులున్నాయి. ఇంకేం చెప్పనక్కర్లేకపోయింది. పట్టుపంచెలు మోకాళ్ళ పైకి వెళ్ళాయి. గట్టు నుంచి రోడ్డు దాకా వరసగా నిలబడి ట్రేలు చేతులు మార్చారు. బాగా జారేచోట డేనియల్ తన ఎర్ర తివాచీ పరిచి, తర్వాత అటు చూడటం మానేశాడు. వరస మధ్యలో ఉదయ్‌కుమార్ కూడా ఉన్నాడు. అతనికి అటూ ఇటూ నిలబడ్డ పెద్దమనుషులు, సంబంధం లేదని తెలిసినా, అతని చదువు, అన్నదమ్ముల వివరాలు కనుక్కుంటూనే ఉన్నారు.

కంపెనీ మనిషి ఒక ట్రే ఎత్తి వాసన చూశాడు. మళ్ళీ చూశాడు.

"పొగ లేదు గానీ రాజుగారూ, సెంటు వాసన వస్తోందేంటండి?"

"చుట్టాలండి" అన్నాడు రాజు.

సరుకంతా వ్యాను ఎక్కింది. అందరూ కాళ్ళు కడుక్కుని వచ్చి రెండోసారి భోంచేశారు. పొద్దు వాలేవేళకి త్రిమూర్తులు జీపు స్టార్టు చేశాడు. పొగ వెనక గొట్టంలోంచి మాత్రమే వచ్చింది. టెంటు కింద చప్పట్లు కొట్టారు.

మరుసటి వారం రత్తమ్మ కుంకుమ భరిణె పట్టుకుని వచ్చి జానకీదేవికి బొట్టు పెట్టింది.

"ఆదివారం మా ట్రాక్టరుకి క్లచ్ ప్లేటు మారుస్తున్నాం. డేనియల్‌కి చెప్పేశాను. ఇంటిల్లిపాదీ పొద్దున్నే రావాలి. తర్వాత పిలవలేదనే మాట రాకూడదు."

వెంకటపతిరాజు పట్టుపంచె ఇస్త్రీకి పంపించాడు.