కంచంలో షార్ట్ సర్క్యూట్

ఆ ఉదయం ఎలక్ట్రీషియన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మూడు వారాల కూతురు ఎందుకు ఏడుస్తోందో కనిపెట్టి, తొమ్మిదింటికల్లా పనిలోకి వెళ్లిపోవాలి. ఇరవై ఏళ్లుగా పదిమంది ఇళ్లలో లోపాలు పట్టినవాడు, నాలుగు కిలోల మనిషి దగ్గర ఓడిపోతాడా!

"ఒక్కో స్విచ్చూ ఆపుకుంటూ పోతే తప్పెక్కడుందో అదే తెలుస్తుంది," అన్నాడు భార్యతో. "ఇవాళ్టికి నీ కంచంలో క్యాబేజీ ఆపేద్దాం."

"ఆపండి," అంది బాలింత. నిద్రలేక ఆమెకు వాదించే ఓపిక లేదు.

పిల్ల ఏడ్చింది. మర్నాడు పప్పు ఆగింది. పిల్ల మళ్లీ ఏడ్చింది. ఈ పద్ధతి అత్తగారికి తెగ నచ్చేసింది. "గుడ్డు వేడిరా, తీసెయ్," అంది. పక్కింటి పిన్నిగారు పిట్టగోడ మీంచి పండ్లు వద్దంది. తలా ఒక చెయ్యి వేశారు. శుక్రవారానికి కంచంలో రొట్టె, ఉడికించిన బంగాళాదుంప మిగిలాయి. ఇప్పుడు పిల్లతోపాటు తల్లీ ఏడుస్తోంది.

"చూశావా అమ్మా, లోపం దీనికీ పాకింది," అంటూ మహానుభావుడు బంగాళాదుంప కూడా తీసేశాడు.

ఆ మధ్యాహ్నం స్నానాలగదిలో కుళాయి అరగంటైనా ఆగలేదు. పాడైందనుకుని పానా పట్టుకుని తలుపు తోశాడు. కుళాయి బాగానే ఉంది. భార్య బోర్లించిన బకెట్ మీద కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తోంది.

"పిల్లని ఎత్తుకున్నా నాకేమీ అనిపించట్లేదండీ. నేను తల్లిగా పనికిరానేమో."

పానా అక్కడే పడేసి, కాన్పు చేసిన నర్సుకి ఫోన్ చేశాడు.

నర్సు వచ్చి పిల్లను తూచింది. "భేషుగ్గా ఉంది. ఈ వయసులో ఏడవడమే వీళ్ల ఉద్యోగం." తర్వాత తల్లి వైపు తిరిగింది. "నువ్వెలా ఉన్నావమ్మా?"

మూడు వారాల్లో ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ అడగలేదు. బాలింత తల దించుకుంది.

"ఏం తిన్నావు?"

"రొట్టె."

"ఇంకా?"

"ఇంకేం మిగల్లేదండీ."

నర్సు ఎలక్ట్రీషియన్ వైపు తిరిగింది. "లోపం వెతుకుతూ మెయిన్ ఫ్యూజే పీకేశావు కదయ్యా! పాలిచ్చే మనిషికి కడుపునిండా తిండి కావాలి, కంటినిండా నిద్ర కావాలి. కాన్పయి రెండు వారాలు దాటినా పోని దిగులుకి డాక్టరు కావాలి. రేపు తీసుకురా, నేనూ ఉంటాను."

అత్తగారు కోడలి తల నిమిరింది. "వీడు పుట్టినప్పుడు నేనూ ఇలాగే ఏడ్చానమ్మా. గుడ్డు తిన్నందుకేనన్నారు, నమ్మాను." కళ్లు తుడుచుకుని వంటింట్లోకి వెళ్లి, పొయ్యి మీద నాలుగు గుడ్లు ఉడకేసింది.

సాయంత్రం కంచంలో జాగా చాల్లేదు. రెండో ముద్దకే పిల్ల రాగం అందుకుంది. బాలింత చటుక్కున చెయ్యి కడుక్కోబోయింది.

"కూర్చో, నువ్వు తిను," అని ఎలక్ట్రీషియన్ కూతుర్ని భుజాన వేసుకుని వసారాలోకి నడిచాడు.

పిల్ల మరో రెండు నెలలు ఏడ్చింది, లోపం మాత్రం దొరకలేదు.