ఎడపల్లి రేషన్ షాపుకు అంతరిక్ష ల్యాబ్ హోదా ఇవ్వాలి!

అంతరిక్ష శాస్త్రవేత్తలారా, మీ రేడియేషన్ పరీక్షలు ఈ రోజే ఆపేయండి! దండగ పని. మీ కెమెరా సెన్సార్‌ను ఓ ఆటోలో వేసి మా ఎడపల్లికి పంపండి, చాలు.

నవ్వకండి. నేను నిజామాబాద్‌లో కూర్చుని ఊరికే మాట్లాడే మనిషిని కాను. పదో తరగతి సైన్సు రెండుసార్లు రాశాను, రెండోసారి పాస్ కూడా అయ్యాను.

పైగా నాకు లోపలి సమాచారం ఉంది. ఎడపల్లిలో చెరకు పండించే నా మిత్రుడు పున్నయ్య కూతురు బిందుమాధవి అలాంటి ల్యాబ్‌లోనే ఇంజినీరు. గ్రహాల దగ్గరికి పోయే కెమెరాల్లో ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్ ఉంటుందట. మన కంటికి కనపడని వెలుతురును అది చూస్తుందట. దాన్ని రాకెట్ ఎక్కించే ముందు చీకటి గదిలో పెట్టి, మంచుకన్నా ఎంతో చల్లగా చేసి, ప్రోటాన్లతో, గామా కిరణాలతో బాదుతారట. లక్షల పిక్సెల్స్‌లో ఎన్ని గుడ్డివయ్యాయో నెలల తరబడి పరిశీలిస్తారట. ఒక్క సెన్సార్‌కు ఇంత గారాబమా?

మా దగ్గర ఇదంతా ఉచితం. దుమ్ము కావాలా? చెరకు ట్రాక్టర్లు పోయే దారిలో పది నిమిషాలు నిలబెట్టండి. వేడి కావాలా? మే నెలలో జక్రాన్‌పల్లి బస్టాప్ ఉంది. బాగా చల్లారిన వస్తువును చూపించాలా? మూతపడిన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ గొట్టం ఉంది, ఏళ్లుగా పొగ లేదు. ఎన్నికలప్పుడు మాత్రం తెరిపిస్తామనే హామీలతో కాస్త వెచ్చబడుతుంది, ఆ తేదీలు తప్పించుకోండి.

అసలు పరీక్ష జరిగేది తుకారాం రేషన్ షాపులో. కంటిపాపను చూసి మనిషిని గుర్తుపట్టే అక్కడి మిషన్‌లో ఉన్నదీ ఇన్‌ఫ్రారెడ్ కెమెరానే. వేలిముద్ర పడనివాళ్ల కోసం దాన్ని తెచ్చారు. మా దగ్గర వేలిముద్ర పడేదెవరికి? నలభై ఏళ్లుగా బీడీలు చుడుతున్న లింగవ్వ వేళ్లు చూడండి, అరిగి నున్నగా అయిపోయాయి.

ఇప్పుడు సాంకేతిక విషయం, శ్రద్ధగా వినండి. షాపు లోపల నీడ ఉంది, సిగ్నల్ లేదు. బయట అరుగులాంటి గద్దె మీద సిగ్నల్ ఉంది, ఎండ కూడా ఉంది. ఎండ నిండా ఇన్‌ఫ్రారెడే కదా! పాపం, మిషన్‌కు కళ్లు బైర్లు కమ్ముతాయి. అందుకని తుకారాం లింగవ్వను గద్దె మీద కూర్చోబెట్టి, మిషన్ చేతికిచ్చి, రెంటి మీదా నల్ల గొంగడి కప్పాడు. చీకటి గది సిద్ధం! ఏ ల్యాబ్‌కు వచ్చిందండీ ఈ ఐడియా?

మిట్టమధ్యాహ్నం నేను కళ్లారా చూశాను.

“అవ్వా, కండ్లు పెద్దగ జెయ్యి. రెప్ప కొట్టకు,” అన్నాడు తుకారాం.

“ఉడ్కవోస్తున్నది బిడ్డా, పానం వోతున్నది,” అంది గొంగడి.

పదకొండుసార్లు ప్రయత్నించారు. పదకొండుసార్లూ మిషన్ ఒకటే మాట చెప్పింది: గుర్తింపు విఫలం.

లింగవ్వ గొంగడి తీసి పక్కన పడేసింది. “రెండు నెలల సంది గిదే కత. ఈ నెల గూడ తీసుకోకుంటే పేరు వోతదంటున్నరు. గా ఆరు కిలోల బియ్యం లేకుంటే నేనేం తినాలె?”

“నా చేతుల ఏమున్నదవ్వా? మిషన్ నిన్ను గుర్తువడ్తలేదు.”

“నువ్వు గుర్తువడ్తవు గదరా! నీ పుట్టెంటుకలు దీసిననాడు నేనక్కడ్నే ఉన్న!”

తుకారాం తల వంచుకుని గొంగడి మడత పెట్టుకున్నాడు. చూశారా మిషన్ గొప్పతనం? దానికి మొహమాటం లేదు, వరసలు లేవు. పుట్టిన దగ్గర్నుంచి ఎరిగిన మనిషిని కూడా ఎరగనట్టు ఉండటం తుకారాంకు అదే నేర్పింది. ఇంతటి శిక్షణ ఏ ప్రోటాన్ ఇవ్వగలదు?

ఆ సాయంత్రం బిందుమాధవికి ఫోన్ చేశాను. నా పథకమంతా చెప్పి, చివర్లో ఒక చిన్న అనుమానం అడిగాను.

“అమ్మా, మీరు సెన్సార్ ఎదురుగా ఓ దీపం పెట్టారనుకో. అది వెలుగుతున్నా సెన్సార్‌కు కనపడలేదు. అప్పుడు దీపాన్ని తీసి పారేస్తారా?”

“అదేంటి అంకుల్, దీపం ఏం తప్పు చేసిందండి? సెన్సార్ ఫెయిలయిందని రాసి పక్కన పెట్టేస్తాం.”

నాకు ఒళ్లు మండిపోయింది, ఆ పిల్ల మీద కాదు.

నెల తిరిగేసరికి రేషన్ కార్డుల కొత్త జాబితా వచ్చింది. మిషన్ అదే గద్దె మీద పనిచేస్తోంది. జాబితాలో లింగవ్వ పేరు లేదు.