ప్రారంభోత్సవం జరిగిన కంప్యూటరు

మా పేటలోని ధ్రువపత్రాల కార్యాలయంలో ఉన్న ఏకైక కంప్యూటరుకు ఒక సోమవారం ఉదయం పదిన్నరకు జ్ఞాపకశక్తి పెంచారు. కార్యక్రమం దిగ్విజయంగా ముగిసింది. ఆ క్షణం నుంచి కంప్యూటరు పనిచేయడం మానేసింది.

అంతకుముందు పనిచేసేదా అంటే, చేసేది. కాస్త నిదానంగా చేసేది. పత్రం అడిగితే, గుమస్తాగారు టీ తాగి వచ్చేలోగా ఇచ్చేది. అధికారిగారికి ఆ వేగం చాల్లేదు. ఆయన బావమరిది కంప్యూటర్ల నిపుణుడు. అంటే, ఆ బావమరిదిగారి ఇంట్లో ఒకటి ఉంది. ఆయన వచ్చి, పెట్టె మూత తీసి, దువ్వెనంత పచ్చపలకను లోపల దోపి, మూత బిగించారు. దాన్ని ర్యామ్ అంటారని, పత్రాల కోసం వచ్చిన మాకు తెలియజేశారు. అధికారిగారు రిబ్బను కత్తిరించి, "ఇకమీదట ఈ కార్యాలయం దేన్నీ మరచిపోదు!" అని ప్రకటించి మీట నొక్కారు.

లోపల ఫ్యాను తిరిగింది. పచ్చదీపం వెలిగింది. బీప్, బీప్, బీప్ అని మూడుసార్లు కూసింది. తెర మాత్రం నల్లగానే ఉంది.

"నమస్కారం పెడుతోంది" అన్నారు నిపుణుడుగారు. అందరం చప్పట్లు కొట్టాం.

మధ్యాహ్నానికి కూడా నమస్కారాలు ఆగకపోవడంతో దర్యాప్తు మొదలైంది. ముందు తెరను అనుమానించి పక్కగదిలోంచి ఇంకో తెర తెచ్చారు. అదీ అంతే నల్లగా, అంతే నిష్ఠగా ఉంది. తర్వాత కీబోర్డును బోర్లించి దులిపారు. రెండు గుండుసూదులు, ఒక బిస్కెట్టు ముక్క, అంతకుముందు ఏడాది పోయిందనుకున్న ఉంగరం దొరికాయి. దర్యాప్తు సత్ఫలితాలిస్తోందని నోటీసు అంటించారు.

మంగళవారం గుమస్తాగారు సాహసం చేశారు. "సార్, ఆ పలక పెట్టకముందు బానే ఉంది కదా. ఒకసారి తీసేసి చూద్దామా?" అన్నారు.

అధికారిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "తీసేస్తే? ప్రారంభోత్సవం జరిగినదాన్ని తీసేస్తే జనం ఏమనుకుంటారయ్యా? మనం ముందుకెళ్ళాలి గానీ వెనక్కెళ్తామా?"

గుమస్తాగారు సిగ్గుపడ్డారు. ప్రగతికి అడ్డుపడబోయిన మనిషిగా ఆ రోజంతా ఎవరూ ఆయనతో మాట్లాడలేదు.

బుధవారం ఐదుగురితో ఒక సంఘం వేశారు. సంఘం చాలాసేపు పెట్టె చుట్టూ తిరిగి, నివేదిక ఇచ్చింది: యంత్రం వేళకు వస్తోంది, దీపం వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది, పిలిస్తే పలుకుతోంది, పని ఒక్కటే చేయడం లేదు. ఈ మాత్రానికే దాన్ని చెడిపోయినట్టు పరిగణిస్తే కార్యాలయంలో మరికొందరి విషయం కూడా పరిశీలించాల్సి వస్తుంది. కాబట్టి సంయమనం పాటించాలి.

మేం బయట వరుసలో నిలబడి సంయమనం పాటిస్తూనే ఉన్నాం. నాది తొమ్మిదో నంబరు. మొదటి నంబరు ఒక దర్జీ ఆవిడది. కూతురి పుట్టినతేదీ పత్రం కోసం సోమవారం నుంచి వస్తోంది. బడిలో పిల్ల పేరు రాయించడానికి గురువారం సాయంత్రం నాలుగింటితో గడువు ఆఖరు. నిలబడే చొక్కాలకు గుండీలు కుట్టుకుంటూ, గుండీ గుండీకీ గోడగడియారం వంక చూసేది.

గురువారం రెండున్నరకు ఆవిడ చేతిలోని చొక్కా మడతపెట్టి, తిన్నగా లోపలికి వెళ్ళిపోయింది.

"అమ్మా, బయట ఉండాలి. లోపల సాంకేతిక సమస్య నడుస్తోంది" అన్నారు అధికారిగారు.

"నడవనివ్వండి సార్. నేనొక్కసారి చూస్తాను. మూడుసార్లు కూసి ఆగిపోతోందంటే ఎక్కడో ఏదో సరిగ్గా కూర్చోలేదన్నమాట. మా కుట్టుమిషన్‌లో అడుగుదారం పెట్టే బాబిన్ కేసు టక్కుమని పడకపోతే అంతే. తొక్కుతూ ఉంటాం, చక్రం తిరుగుతుంది, కుట్టు పడదు."

"ఇది కుట్టుమిషన్ కాదమ్మా" అని నిపుణుడుగారు జాలిపడ్డారు.

"అయితే అన్నా, కొత్తది పెట్టినప్పుడు టక్కుమందా?"

నిపుణుడుగారు పైకప్పు వైపు చూశారు. గుమస్తాగారు ఎవరి అనుమతీ అడక్కుండా ప్లగ్గు పీకి, మూత తీశారు. పచ్చపలకకు రెండు చివర్లా చిన్న కొక్కేలున్నాయి. ఒకటి పడింది. రెండోది నోరు తెరుచుకుని ఉంది. ఆవిడ బొటనవేలితో ఆ చివర నొక్కింది. టక్.

ప్లగ్గు పెట్టి మీట నొక్కారు. ఒక్కసారే బీప్ అంది. తెర మీద వెలుగు వచ్చింది. గుమస్తాగారి కళ్ళలో నీళ్ళు వచ్చాయి.

అధికారిగారు వెంటనే ఉపన్యసించారు. నాలుగు రోజుల అకుంఠిత పరిశోధన, సంఘం దూరదృష్టి, నిపుణుడి మార్గదర్శకత్వం ఫలించాయన్నారు. ఫొటో తీసేటప్పుడు దర్జీ ఆవిడను కాస్త పక్కకు జరగమన్నారు. పెట్టె కనపడడం లేదట.

గుమస్తాగారు మొట్టమొదట ఆవిడ కూతురి పత్రమే తీసిచ్చారు. అప్పుడు టైము మూడుంబావు. ఆవిడ దాన్ని గుండెకు అదుముకుని బయటికి వచ్చింది.

అంతే, మేం భగ్గుమన్నాం.

"ఇదేం న్యాయం? వరుస వదిలి లోపలికెళ్ళి పని చేయించుకుంటుందా?"

"తెలిసినవాళ్ళకో రూలు, మాకో రూలా?"

"నాలుగు రోజుల నుంచి నిలబడ్డవాళ్ళం పిచ్చివాళ్ళమా?"

వాటిలో మొదటి గొంతు నాదే. అధికారిగారు ప్రజాభిప్రాయానికి తలవంచే మనిషి. వరుస వదిలినవారు చివరికే వెళ్ళాలని తీర్పిచ్చి, అచ్చయిన పత్రాన్ని వెనక్కి తీసుకుని పేపరువెయిటు కింద పెట్టించారు. ఆవిడ మా ఇరవైనలుగురి వెనక్కి వెళ్ళి నిలబడింది. ఈసారి గుండీలు కుట్టలేదు. గడియారం వంకే చూసింది.

కంప్యూటరు వేగం పెరిగిందని చెప్పుకోవాలి. మూడూ యాభైకి ఆవిడ వంతు వచ్చింది. కాగితం అందుకుని పరుగెత్తింది.

తర్వాతి నెలలో ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి ఒక దర్జీ దుకాణానికి వెళితే, మిషను మీద ఆవిడే ఉంది. పిల్ల బడికి వెళ్తోందట. ఆ రోజు బడిలో తలుపు మూస్తుంటే సందులో చెప్పు అడ్డం పెట్టానని నవ్వుతూ చెప్పింది. నన్ను గుర్తుపట్టలేదు. నేనూ గుర్తు చేయలేదు.

ఆ రోజు నేను తీసుకున్న పత్రం మా బీరువాలో భద్రంగా ఉంది. దాంతో నాకు ఏం అవసరం పడిందో ఎంత ఆలోచించినా తట్టడం లేదు. అన్యాయం జరగకుండా, సరిగ్గా తొమ్మిదో నంబరు మీదే తీసుకున్నానన్నది మాత్రం బాగా గుర్తుంది.